రాతిగోడ మీది మూలల అక్షరాలు

మొన్న జనగామ బస్టాండు ఎదుట కబడ్డీ పోటీల ఫ్లెక్సీ ఒకటి చూసి, ఎక్కవలసిన బస్సు కళ్లముందే వెళ్లిపోతున్నా కదలలేక నిలబడిపోయాను. లావుగా, ఎక్కడా వంపనేది లేకుండా, మూలలు తేలిన ఎర్రటి అక్షరాలు. అచ్చం మా అన్న చేతివేననిపించాయి.

కుంచెతో గోడల మీద రాసే రోజులు చూసిన మీబోటివాళ్లకు చెబితేనే ఇది అర్థమవుతుంది. బచ్చన్నపేటలో మాది విత్తనాల దుకాణం. అన్నకు గింజలు తూచే తరాజు ముందు కూర్చోవడమంటే ప్రాణం మీదికి వచ్చేది, రంగులు కనబడితే తిండి కూడా గుర్తుండేది కాదు. బాపు అరిచి అరిచి అలసిపోయి, చివరికి పందెం లాంటిదొకటి పెట్టాడు: "మన దుకాణం గోడ మీద రాయి. బస్సు కిటికీలకెళ్లి నేను సదవగలిగితే నీ ఇష్టమున్నట్టు బతుకు. లేకుంటే మళ్ల తరాజు కాడనే కూసోవాలె." అప్పటికే బాపు చూపు మందగించింది.

పైగా అది పూత లేని రాతిగోడ, మన తెలుగు అక్షరాలేమో సకినాల్లా చుట్టలు తిరిగేవాయె. అన్న ఎంత ఒడుపుగా వంపు తిప్పినా కుంచె రాళ్ల సందుల్లో పడి గీత తెగేది, రంగు కారిపోయేది. రాసిందంతా తుడిచేసి, మెట్ల మీద తల పట్టుకొని కూర్చున్న అన్నను చూస్తే నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఏమనుకున్నాడో, నీలిమందులో తడిపిన దారం ఒక కొస నా చేతికిచ్చి, గోడకు బిగించి టప్పున కొట్టి గీతలు పడేశాడు. ఇక ప్రతి వంపునూ విరిచి ఆ గీతల మీద నిలబెట్టాడు. సున్నా ఇటుకలా నలుపలకలైంది, తలకట్టు బాణం మొనలా లేచింది. పక్కన నల్లటి నీడ వేసేసరికి అక్షరాలు గోడలోంచి బయటికొచ్చి నిలుచున్నట్టే ఉన్నాయి. ఎంత అందమో అది, ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

చిల్పూరు దేవుడికి మొక్కు చెల్లించి బాపు తిరిగివచ్చే బస్సు కోసం మేమిద్దరం గోడ పక్కనే నిలుచున్నాం. బాపు దిగీ దిగగానే, "గా ఎర్రక్షరాలు ఎవలియిరా, బస్సులకెళ్లే కొట్టొచ్చినట్టు కనబడవట్టె అనుకున్న. తీరా సదివి సూస్తే మనయే!" అన్నాడు. కండువాతో కళ్లొత్తుకొని లోపలికి వెళ్లి, తానే తరాజు ముందు కూర్చున్నాడు. ఆ పూటతో అన్న బతుకు మలుపు తిరిగింది. జిన్నింగు మిల్లులు, లారీల వెనుక చెక్కలు, సినిమా హాళ్లు, ఎన్నికల గోడలు, అటు ఘనపూర్ దాకా ఆ మూలల అక్షరాలను అడిగి మరీ రాయించుకునేవారు.

మొన్నటి ఫ్లెక్సీని ఫోటో తీసి మహబూబాబాదులో ఉంటున్న అన్నకు పంపాను. కాసేపటికే ఫోను చేశాడు. "అక్షరం మస్తుగున్నది చెల్లె. గని, గోడేది?"

మా రాతిగోడ రోడ్డు వెడల్పులో ఎప్పుడో పోయింది. ఆ రాళ్లు మొండికేయకపోతే ఆ అక్షరాలే పుట్టేవి కావు కదా! ఇప్పుడు నున్నటి ఫ్లెక్సీ మీద ఏ అక్షరమైనా చిటికెలో వచ్చి కూర్చుంటుంది, అందంగానే ఉంటుంది. దారం రెండో కొస పట్టుకునే మనిషితోనే ఎవరికీ పని లేకుండా పోయింది.