బావ జీపులోని కండెన్సర్

ఖాసింబీని ఊళ్ళో చాలామంది మొండిది అనేవారు. ఆమె దాన్ని తిట్టుగా తీసుకోలేదు. "మొండిదాన్ని కాకపోతే ఈ మొండిబండితో ఎట్ల ఏగేది?" అనేది.

ఆ బండి ఒక పాతకాలపు ట్రాక్టరు. పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే రకం. 1971లో ఆమె మొగుడు లాల్‌సాబ్ అమరాపురం దగ్గర ఒక కొబ్బరితోటలో మట్టల కింద పడి ఉన్నదాన్ని చూసి మనసు పారేసుకుని కొన్నాడు. పెనుకొండ దగ్గరున్న తమ పల్లెకు తోలుకొచ్చేలోపల అది దారి పొడవునా ఆగుతూనే వచ్చింది. అప్పటికే ఊళ్ళలోకి డీజిల్ ట్రాక్టర్లు దిగుతున్నాయి. వాటికి ప్లగ్గులూ వైర్లూ ఉండవు. ఈ ముసలి బండికి మాత్రం స్పార్కు పుడితేనే ప్రాణం. ఒక్క తీగ తడిసినా అలిగి కూర్చునేది.

లాల్‌సాబ్ దాని కింద పడుకుని పని చేస్తుంటే ఖాసింబీ పక్కనే గొంతుక్కూర్చుని పానాలు అందించేది. కొన్నాళ్ళకు అతను అడగకముందే కావలసిన పానా అతని చేతిలో పెట్టడం అలవాటైంది. ఇంకొన్నాళ్ళకు, అతను తప్పు పానా అడిగితే సరైనది పెట్టడం కూడా. అప్పుడతను గుర్రుగా చూసేవాడు గాని వెనక్కి ఇచ్చేవాడు కాదు.

1978 చలికాలంలో ఒక పొద్దున లాల్‌సాబ్‌కు కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ధర్మవరం ఆసుపత్రి నుంచి కొంచెం ముద్దైన మాటతో, ఊతకర్ర నడకతో ఇంటికొచ్చాడు. మాఘమాసం దాటాక ఖాసింబీ కొంగు నడుముకు బిగించి ట్రాక్టరెక్కింది. ఆ ఎండాకాలమంతా చేలకు ఎరువు తోలింది.

లాల్‌సాబ్ అన్న మాబుసాబ్‌కు ఇది మింగుడుపడలేదు. పెనుకొండ, కొత్తచెరువుల మధ్య పెట్రోలు జీపులో జనాన్ని తోలే మనిషి అతను. పదిమందిలో తిరిగేవాడు, పదిమంది మాటకు విలువిచ్చేవాడు.

"మసీదు దగ్గర నలుగురూ నన్నే అడుగుతాండారమ్మా," అన్నాడొకసారి. "మీ మరదలు మొగోళ్ళ సీటు మీద కూసోని పోతాంది, నువ్వేం చేస్తాండావని."

"ఆ సీటు మీద మొగోళ్ళదని రాసుండాదా బావా? నేను రోజూ తుడుస్తాండా. నాకెప్పుడూ కనపల్లేదే," అంది ఖాసింబీ.

ఆ జ్యేష్ఠంలో తొలివాన దండిగా పడింది. వాన వెలిసిన పొద్దునే మరియమ్మ వచ్చి ట్రాక్టరు పక్కన నిలబడింది. మరియమ్మ కూలి పని చేసుకునే మనిషి, ఖాసింబీకి నేస్తం. ఆమెకు గుట్ట వారన గవర్నమెంటు ఇచ్చిన రాతిచేను ఉంది గాని ఎద్దులు లేవు. ఎద్దులున్నవాళ్ళు తమ చేలు దున్నుకున్నాకే అటు చూసేవాళ్ళు. అప్పటికి నేలలో పదును ఆరిపోయేది. శెనక్కాయ విత్తనాలు బుట్టలోనే పుచ్చిపోయేవి. ఆ యేడు మాత్రం ఖాసింబీ మాటిచ్చింది: "నా బండి మొదట దిగేది నీ చేన్లోకే."

ఇద్దరూ మార్చి మార్చి హ్యాండిల్ తిప్పారు. మరియమ్మ చేతుల్లో బలం తక్కువేం కాదు. అయినా ఇంజను కనీసం దగ్గలేదు. ఖాసింబీ వంగి వాసన చూసింది. పెట్రోలు లోపలికి వస్తోంది. ఒక ప్లగ్గు వైరు పీకి, దాని కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుని మరియమ్మను తిప్పమంది. ఆ సందులో నీలంగా చిటుక్కుమనాలి. ఏమీ లేదు.

మంచం మీంచి లాల్‌సాబ్ అన్నాడు: "కాయిలు పోయింది."

"చూడకుండానే ఎట్ల చెప్తావు?"

"నాకు తెలుసు. పోయినసారీ కాయిలే పోయింది."

ఖాసింబీ స్పార్కు పుట్టించే ఆ కాయిలును విప్పి, గుడ్డలో చుట్టుకుని, హిందూపురం బస్సెక్కింది. బజారులో చంద్రప్పది బండ్ల కరెంటు పని చేసే అంగడి. అతను కాయిలును బ్యాటరీకి తగిలించి చూశాడు. స్పార్కు పటపటమని దూకింది.

"ఇది గుండ్రాయి ఉన్నట్లుండాదమ్మా," అన్నాడు చంద్రప్ప. "దుడ్ల కోసం కొత్తది అంటగట్టలేను. లోపం యాడో ఉండాది, ఈడ లేదు."

పొద్దు వాలేవేళకు ఆమె ఇల్లు చేరింది. కాయిలు బాగుందని చెప్పగానే లాల్‌సాబ్ ముఖం అటు తిప్పుకున్నాడు. గోడతో చెబుతున్నట్టు అన్నాడు: "మధ్యాహ్నం అన్న వచ్చినాడు. ధర్మవరం నుంచి పాతసామాన్ల శంకరప్పను రేపు పొద్దున పిల్చుకోనొస్తాడంట. బండిని తూకానికి ఇచ్చేద్దామన్న్యాడు. సరేనన్న్యా."

ఖాసింబీ కాయిలును అరుగు మీద పెట్టింది. ఆమెకు కోపం వచ్చింది గాని, దానికంటే ముందు ఇంకేదో వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ట్రాక్టరును ఎవరేమన్నా ఊరుకోనివాడు ఇతనే. చెయ్యి పడిపోయినప్పుడు కూడా ఇంత దిగాలుగా కనిపించలేదు.

"నువ్వు మాటిచ్చినావు. నేనియ్యలేదు," అంది.

"నడవని బండిని పెట్టుకోని ఏం చేస్తావు?"

"ముందు నడిపిస్తా. అమ్మేదీ అమ్మందీ అప్పుడు మాట్లాడుకుందాం."

తెల్లవారగానే మరియమ్మను పిలుచుకొచ్చింది. కాయిలు మళ్ళీ బిగించింది. లాల్‌సాబ్ పెట్టెలోంచి రెండు తీగలున్న చిన్న బల్బు తీసింది. కరెంటు యాడిదాకా వచ్చి యాడ ఆగిందో ఆ బల్బే చెబుతుంది. ఆమె బ్యాటరీ దగ్గర మొదలుపెట్టింది. బల్బు వెలిగింది. కాయిలులోకి పోయే తీగ దగ్గర పెట్టింది. వెలిగింది. కాయిలు నుంచి డెల్కోకు పోయే తీగ దగ్గర పెట్టింది. నాలుగు ప్లగ్గులకూ స్పార్కును పంచే గిన్నెలాంటి భాగం డెల్కో. దాని లోపల పాయింట్లనే రెండు చిన్న ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. హ్యాండిల్ తిప్పుతుంటే బల్బు ఆరుతూ వెలుగుతూ ఉండాలి.

"మెల్లగ తిప్పు మరియమ్మా."

మరియమ్మ తిప్పింది. బల్బు ఒక్కసారీ వెలగలేదు.

అంటే కరెంటు ఇంతవరకు వచ్చి, ఇక్కడే ఎక్కడో ఇనుములోకి జారిపోతోంది. ఖాసింబీ డెల్కో మూత తీసి పాయింట్లు చూసింది. సరిగ్గానే విడిపోతున్నాయి. ఇక మిగిలింది వాటి పక్కనుండే కండెన్సర్. బొటనవేలంత రేకుడబ్బీ. పాయింట్లు మాడిపోకుండా కాపాడడం దాని పని. కానీ దాని కడుపులో కాలిపోతే, కాపాడాల్సిందే కరెంటునంతా మింగేస్తుంది. ఆమె దాని తీగ విప్పి పక్కకు వంచింది.

"ఇప్పుడు తిప్పు."

బల్బు మిణుక్కుమంది, ఆరింది, మళ్ళీ మిణుక్కుమంది.

"ఈడుండావా నువ్వు," అంది ఖాసింబీ ఆ డబ్బీతో.

అప్పుడే జీపు వచ్చి వాకిట్లో ఆగింది. మాబుసాబ్‌తో పాటు దిగిన లావుపాటి మనిషి శంకరప్ప. ట్రాక్టరు చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. ఖాసింబీ చేతులు తుడుచుకుంటూ బావ దగ్గరికొచ్చింది.

"బావా, నీ జీపు పెట్టెలో ఒక కండెన్సర్ ఎప్పుడూ ఉంటాది కదా. అదియ్యి. బండి ఇప్పుడే లేస్తాది."

"ఉండాది. ఇయ్యను," అన్నాడు మాబుసాబ్. "ఈరోజు అదంటావు, రేపు ఇంకోటంటావు. ఇది ఈరోజుతో ముగిసిపోవాల. పద శంకరప్పా, టీ తాగి మాట్లాడుకుందాం."

వాళ్ళు లోపల లాల్‌సాబ్ మంచం దగ్గర కూర్చున్నారు. ఖాసింబీ టీ కాచి ఇచ్చింది. బయటికొచ్చి జీపు చూసింది. సామాన్ల పెట్టెకు తాళం ఉంది. బానెట్‌కు లేదు.

ఆమె బానెట్ ఎత్తేసరికి మరియమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇది దొంగతనం గదా ఖాసింబీ."

"దొంగ చెప్పిపోడు. నేను చెప్తా. కొంచెం ఆగి చెప్తా."

జీపు కండెన్సర్ ట్రాక్టరులో సరిగ్గా కూర్చోలేదు. ఖాసింబీ దాన్ని డెల్కో బయటే ఒక మరసీలకు బిగించి, తీగను లోపలికి లాగింది. ప్లగ్గు వైరు కొస మళ్ళీ ఇనుముకు దగ్గరగా పట్టుకుంది. మరియమ్మ తిప్పింది. నీలం స్పార్కు చిటుక్కుమని దూకి ఆమె వేలిని కూడా కొరికింది. ఆమె చెయ్యి విదిలించుకుంటూ నవ్వింది. వైరు ప్లగ్గుకు తగిలించి, "ఇప్పుడు నీ బలమంతా పెట్టు," అంది.

ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి తిప్పగానే ఇంటి పైకప్పు మీది కాకులన్నీ లేచిపోయేలా మోగింది.

లోపలున్న ముగ్గురూ బయటికొచ్చారు. లాల్‌సాబ్ గడప మీద కర్ర ఊనుకుని నిలబడ్డాడు. శంకరప్ప చేతిలో ఇంకా టీ గ్లాసుంది. అతను చివరి గుక్క తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి అన్నాడు: "నడిచే బండిని నేను తూకమెయ్యనప్పా. నన్ను బస్టాండులో దింపు, పోతా."

మాబుసాబ్ జీపెక్కి సెల్ఫ్ కొట్టాడు. జీపు గొణిగింది గాని లేవలేదు. మళ్ళీ కొట్టాడు.

"బావా, దాంట్లో కండెన్సర్ లేదు. నేను తీసినా," అంది ఖాసింబీ.

"నన్ను అడక్కుండానా?"

"అడిగినా. నువ్వియ్యలేదు. పెట్టెలోదాన్ని దీనికి బిగించి పంపిస్తా, తాళం తియ్యి."

మాబుసాబ్ పెట్టె తెరిచి వెతికాడు. పాత ప్లగ్గులు, తీగముక్కలు, జర్దా డబ్బీ దొరికాయి. కండెన్సర్ మాత్రం లేదు. ఎప్పుడో వాడేసి మరిచిపోయాడు. శంకరప్ప వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

ఖాసింబీ మోకు తెచ్చి జీపును ట్రాక్టరుకు కట్టింది. పెనుకొండ బజారులో ఆ పొద్దున జనం పని మానుకుని చూశారు. ముందు ట్రాక్టరు మీద ఖాసింబీ, వెనక మోకు కొసన జీపులో స్టీరింగు పట్టుకుని మాబుసాబ్, అతని పక్కన శంకరప్ప. అంగడి ముందు ఆపి, కొత్త కండెన్సర్ తనే కొని, తనే జీపుకు బిగించి ఇచ్చింది.

"ఇది నేను మర్చిపోను," అన్నాడు మాబుసాబ్ పళ్ళు బిగించి.

"మర్చిపోవద్దు బావా. ఈసారి అడిగినప్పుడు ఇయ్యి."

అతను పీర్లపండగ దాకా ఆ వాకిలి తొక్కలేదు.

మధ్యాహ్నానికి ట్రాక్టరు మరియమ్మ చేన్లోకి దిగింది. పదును ఇంకా ఉంది. నాగలి పడినచోటల్లా ఎర్రమట్టి నల్లగా తిరగబడుతోంది. లాల్‌సాబ్ కర్ర ఊనుకుంటూ ఎంత కష్టపడి వచ్చాడో గాని, గట్టు మీద నిలబడి ఎడమచెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. దగ్గరికొచ్చినప్పుడు వినిపించింది.

"ఆ కాయిలు కూడా మార్చాల. నేను చెప్పేది విను."

ఖాసింబీ చెవి చూపించి, ఇంజను మోతలో ఏమీ వినపడనట్టు తలాడించి, బండిని మలుపు తిప్పింది. ఆరునెలల తర్వాత ఆమెకు అతని ముఖంలో పాత కోపం కనిపించింది. ఆ కోపాన్ని చూసి కడుపు నిండినట్టయింది.

తర్వాతి యేళ్ళలో కదిరి వైపు నుంచి కూడా పిలుపులొచ్చాయి. ఆడమనిషి తోలే బండి మాకొద్దన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరు తొలివాన పడ్డాక వచ్చి నిలబడేవాళ్ళు. "వరసలో నిలబడండప్పా," అనేది ఖాసింబీ. ఎద్దుల్లేని వాళ్ళ చేలే ఎప్పుడూ వరసలో ముందుండేవి. దాని మీద ఎవరెంత గొణిగినా ఆమె మార్చలేదు.

కిరసనాయిలుకు కటకట ఎక్కువై, 1986లో పాత బండిని అమ్మి, హిందూపురంలో ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ ట్రాక్టరు తెచ్చుకున్నారు. ఇంటికొచ్చిన వారంలోనే అది ఒక పొద్దున లేవనని మొరాయించింది.

"దీన్ని ముట్టుకోవద్దు," అన్నాడు లాల్‌సాబ్ అరుగు మీంచి. "దీంట్లో ప్లగ్గు లేదు, కాయిలు లేదు. నీకేం తెలుస్తాది. మెకానిక్కును పిలుద్దాం."

"పిలువు. ఆయప్ప వచ్చేలోపల నేనూ చూస్తాంటా," అంది ఖాసింబీ. అప్పటికే బానెట్ తెరిచి ఉంది.