మిర్వత్ దించని స్వరం

ఇరవై ఎనిమిదేళ్ళుగా అలెగ్జాండ్రియా పెళ్ళిళ్ళలో గిటారు వాయిస్తున్న షుక్రీకి మిర్వత్‌ని చూస్తే కళ్ళు కుట్టేవి. పైగా ఆ పిల్లకి గిటారు పట్టుకోవడం నేర్పింది తనే. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అని అతని ఏడుపు.

జరిగిందేమిటంటే, బ్యాండు పెద్ద వజీహ్ సముద్రపొడ్డు క్లబ్బులో గురువారం కచేరీ కోసం కొత్త పాట కట్టాడు. దాని నడుమ కాసేపు ఒక గిటారు సొంతంగా, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి. స్వరాలు లిడియన్ అనే వరసవి. మన చెవికి చెప్పాలంటే కల్యాణి స్వరాలే, నాలుగోది పైకెక్కి ఉంటుంది, మూడోది మాత్రం దిగకూడదు.

ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాడు షుక్రీ. కానీ అతను వాయించి పెరిగిన పాటల్లో నాలుగోది పైకెక్కిందంటే మూడోది కిందికి దిగాల్సిందే. వేళ్ళకి అదే అలవాటు. నాలుగోది అందుకోగానే వేలు తనంతట తనే వెళ్ళి మూడోదాన్ని దించేసేది. హుషారుగా మొదలైన పాట కాస్తా ఏడుపులో పడేది.

"మాస్టారూ, మనం పెళ్ళికూతుర్ని సాగనంపడం లేదిక్కడ" అన్నాడు వజీహ్. "మిర్వత్, నువ్వోసారి వాయించమ్మా."

మిర్వత్ వాయించింది. మూడోదాన్ని కదపలేదు.

"బుధవారం మళ్ళీ వింటాను. ఎవరికి కుదిరితే వాళ్ళు వాయిస్తారు" అని తేల్చేశాడు వజీహ్.

ఇంట్లో షుక్రీ వంటింటి కుర్చీ వదల్లేదు. బొటనవేలితో లావు తీగని మోగిస్తూ, మూడోదాన్ని ముందు గట్టిగా పాడి, ఆ తర్వాత వాయించేవాడు. నాలుగుసార్లు నిలిచేది, అయిదోసారి జారేది. పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్న భార్య అవాతిఫ్ తల తిప్పింది.

"ఎవరు పోయారండీ?"

"నీ చెవులు పోయాయి!"

"నా చెవులకేం, బంగారంలా ఉన్నాయి. నిన్న మీరు సాధన చేసేచోట ఆ పిల్ల వాయిస్తుంటే, అటుగా వెళ్తూ కిటికీలోంచి విన్నాగా, హాయిగా ఉంది."

ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

బుధవారం వజీహ్ ముందు మళ్ళీ వేలు జారింది. అవకాశం మిర్వత్‌కే పోయింది. వెనకాల కూర్చుని ఆమెకి తాళం తప్పకుండా తీగలు మీటే పని షుక్రీకి మిగిలింది. సరే కానీ అనుకున్నాడు. జనం కూడా ఒప్పుకోవాలిగా. ఆ ఊళ్ళో వాయిద్యం గుండెకి తగిలితే వినేవాళ్ళు "అల్లాహ్!" అని నిట్టూరుస్తారు. ఆ ఒక్క మాట కోసమే వాయించేవాడు బతుకుతాడు. ఈ చప్పిడి స్వరాలకి ఎవడంటాడు?

గురువారం సాయంత్రం నిజంగానే ఎవరూ అనలేదు. మిర్వత్ వాయిస్తూనే ఉంది, జనం గుమ్మడిగింజలు కొరుకుతూనే ఉన్నారు. తీగలు మీటుతున్న షుక్రీకి ప్రాణం లేచొచ్చింది. తగిన శాస్తి అనుకున్నాడు.

అప్పుడామె నాలుగో స్వరం మీద ఆగింది. పైకి పోలేదు, కిందికి రాలేదు. ఇప్పుడు జారుతుంది, ఇప్పుడు జారుతుంది అని షుక్రీ ఊపిరి బిగబట్టాడు. ఆమె తాపీగా మూడోదాని మీదికి దిగింది. దాన్ని ఉన్నచోటే ఉండనిచ్చింది.

"అల్లాహ్!"

ఎవరా అని షుక్రీ తలెత్తాడు. ముందు వరసంతా తనవైపే చూస్తోంది. అరిచింది తనే. మరుక్షణం హాలంతా అదే మాట అందుకుంది.

కచేరీ అయ్యాక మిర్వత్ వెనకగదిలోకి వచ్చింది.

"మొదట అన్నది మీరేనా మాస్టారూ?"

"నేనే. అంత మురిసిపోకు. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"నా మీదా?"

"మరెవరి మీద? తీగ ఎక్కడుందో కూడా తెలియనిదానివి నా దగ్గరికొచ్చావు. ఇవాళ నాకు రానిది వాయించి, నా నోటితోనే అనిపించావు."

షుక్రీ లేచి తలుపు దగ్గరికి వేసి, ఆమె ముందుకి కుర్చీ లాగాడు.

"కూర్చో. ఆ వేలు దిగకుండా ఎలా ఆపావో చూపించు. మెల్లగా వాయించు, వజీహ్‌కి వినపడుతుంది."