జడ్జి మీద వెర్లిన్ వేసిన దావా

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో వెర్లిన్ స్టకీ సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ నడిపేవాడు. అతని ఫోన్ నంబరు ఊరందరి దగ్గరా ఉండేది. భోజనానికి మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. అతను అది తప్పుగా అనుకోలేదు.

విడాకులయ్యాక, కూతురు జోలిన్ శని ఆదివారాలు అతని దగ్గర ఉండవచ్చా అన్నది ఫ్యామిలీ కోర్టుకొచ్చింది. వాయిదా రోజు పొద్దున్నే స్కూలు వెనక ట్యాంకు పొంగింది. వెర్లిన్ పని బట్టలతోనే కోర్టుకు పరుగెత్తాడు. జడ్జి ప్రిట్‌చెట్ ముక్కు మూసుకుని, "ముందు ఇతన్ని బయటికి పంపండి" అన్నాడు. వెర్లిన్ వరండాలో నిలబడి ఉండగానే లోపల తీర్పయిపోయింది. అతను పిల్లని చూడడానికి వీల్లేదు. గుమాస్తా వచ్చి ఆ మాట చెప్పి, పనిలో పనిగా కిటికీ తెరిచింది.

"అప్పీలు చేసుకో" అన్నాడు లాయరు. "జడ్జి మీద దావా అంటావా, నడవదు. గద్దె మీద కూర్చుని చేసినదానికి, తప్పయినా, కక్షతో చేసినా, ఆయన్ని కోర్టుకీడ్చలేం."

"నా మాట వినకుండా తేల్చెయ్యొచ్చా?"

"తేల్చకూడదు."

"తేల్చాడుగా?"

"తేల్చాడు. అందుకే అప్పీలన్నాను."

వెర్లిన్ అప్పీలు గడువు దాటిపోనిచ్చి, లైబ్రరీలో కూర్చుని చదివి, రాష్ట్ర కోర్టులతో సంబంధం లేని ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్రం కోర్టులో, సొంతంగా దావా వేశాడు. తన గోడు చెప్పుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిందనీ, జడ్జి దాన్ని లాక్కున్నాడనీ రాశాడు.

"ఒరే, జడ్జి మీద జడ్జికే ఫిర్యాదా?" అంది అక్క ఓపల్, మొక్కజొన్న రొట్టె వడ్డిస్తూ. "దొంగ సంగతి వాడి బాబాయికి చెప్పినట్టుంది!"

"ఈ దావా వినే ఆవిడ వేరే జడ్జి, అక్కా."

"బాబాయి కాకపోతే పిన్ని."

విచారణకి వెర్లిన్ తన పెళ్ళినాటి సూటు వేసుకెళ్ళాడు. మాజీ భార్య కొరీన్ వెనక వరసలో కూర్చుంది, తన మీదికేం వస్తుందోనని.

ఫెడరల్ జడ్జి పెద్దావిడ. వెర్లిన్ చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నది. "మీ మాజీ భార్య మీద ఎందుకు వెయ్యలేదు? చాలామంది అందరినీ కలిపేస్తారు" అని అడిగింది.

"ఆవిడేం చేసిందమ్మా? పిల్లని బాగా చూసుకుంటుంది. ఆ రోజు ముక్కు మూసుకోనిది ఆవిడొక్కతే."

"మీరు చెప్పిందంతా నిజమే అనుకుందాం. అయినా ఈ దావా చెల్లదు. ఓడినవాళ్ళంతా దావాలు వేస్తే, ఏ జడ్జీ భయం లేకుండా తీర్పు చెప్పలేడు."

"కాస్త భయం ఉంటే వినేవాడేమోనమ్మా."

"కావచ్చు" అని ఆవిడ దావా కొట్టేసింది.

బయట కార్ల దగ్గర కొరీన్ అతన్ని ఆపింది. "శనివారం పొద్దున్న వచ్చి పిల్లని తీసుకెళ్ళు. రాత్రి భోజనానికి దింపెయ్. స్నానం చేసి రా."

"మరి ఆ తీర్పు?"

"ఇద్దరం కలిసి మార్చమంటే ఆయనకేం నొప్పి?"

ప్రిట్‌చెట్ తలెత్తకుండానే ఆ ఒప్పందం మీద సంతకం చేసి, "ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు. చెప్పవలసింది చాలా ఉంది. కొరీన్ అతని కాలు తొక్కింది.

"ఏం లేదండీ" అన్నాడు వెర్లిన్.

దావా కొట్టేసినందుకు పై కోర్టుకెళ్ళి, అక్కడా ఓడిపోయాడు. తనకి అన్యాయం జరిగిందనే ఇప్పటికీ అంటాడు. ఆ మొదటి శనివారం తండ్రీకూతుళ్ళు నది గట్టున చీకటి పడేదాకా గాలాలు వేశారు. ఒక్క చేపా పడలేదు. భోజనం వేళ దాటాక ఇంటికి చేరారు. కొరీన్ తలుపు తీసి ఇద్దరికీ వడ్డించింది.