టీచరమ్మ విరిచిన రంగులు

మా టీచరమ్మ పోయి దినాలు కూడా కాకముందే ఆమె పేరు మీద రంగుల పోటీ పెట్టారు. పిల్లలు వేయాల్సిన రంగులు తల్లుల చేత వేయించారు. పిల్లలు నిజంగా తమ చేతులతో వేసిన కాగితాలను చెత్తబండిలో పడేశారు. ఇదంతా చేసింది మా కాలనీ సంఘం వాళ్లే. పైగా స్మరణ సంచిక వేస్తున్నాం, నువ్వేదో రాస్తుంటావు కదా, ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయి అని నన్నే అడిగారు. రాస్తున్నాను. మంచివో కావో చదివినవాళ్లు చెప్పండి.

ఆమె పోయిన రోజు నేను ఫస్ట్ షిఫ్టులో ఉన్నాను. మా దగ్గర ఫోన్లు లాకర్లో పెట్టాలి. టీ టైముకు తీసి చూస్తే అక్క ఎన్నోసార్లు చేసి ఉంది. చేస్తే ఏడుస్తూ చెప్పింది. "టీచరమ్మ లేదురా. పొద్దుగాల గది ఊడుస్తుంటెనే కూలవడ్డదట. పటాన్‌చెరు దవాఖానదాక గూడ పోలేదు." గది ఊడుస్తూ పోయింది. ఆ గదికే ఇప్పుడు సంఘం తాళం వేలాడుతోంది.

చిట్కుల్‌లో మా కాలనీ అంతా ఫ్యాక్టరీల వాళ్లమే. తల్లీ తండ్రీ ఇద్దరూ షిఫ్టుకు పోయే ఇళ్లే ఎక్కువ. బడి వయసు రాని పిల్లలను సంఘం గదిలో టీచరమ్మ దగ్గర దింపి పోతారు. ఒకప్పుడు నన్నూ అక్కనూ అట్లాగే దింపారు. మొన్నటిదాకా అక్క తన కూతురు లక్కీని అక్కడే దింపేది. పిల్లలను కూర్చోబెట్టడం మాత్రం టీచరమ్మకు గిట్టదు. గోడకు కాగితాలు అంటించి, నిలబెట్టి రంగులు వేయించేది. చేతులు పైకెత్తి, మునివేళ్ల మీద లేచి వేయాలి. కుర్చీలు కొనిస్తామని ఎవరో అంటే విసుక్కుంది. "కుర్సీలేస్తె కడుపు మీదికి ఒంగి కూసుంటరు. చెయ్యి ఊకెనే రాదు. ముందుగాల భుజం లేవాలె, మోచెయ్యి నిలవాలె, మణికట్టు తిరగాలె. గప్పుడొస్తయ్ వేళ్లు."

మంచి మాటలు అడిగారు కనుక చెబుతున్నాను, ఆమె మంచిగా మాట్లాడే మనిషి కాదు. ముక్కు తుడవకుండా పిల్లను తెస్తే గడప దగ్గరి నుంచే వెనక్కి పంపేది. బొద్దుగా ఉన్న పిల్లలంటే పక్షపాతం, ఒళ్లో వాళ్లకే చోటు. సాసర్లో చాయ్ పోసుకుని తాగుతూ వచ్చినవాళ్లందరికీ వంకలు పెట్టేది. చిన్నప్పుడు నాకు ఆమెంటే భయం. పెద్దయ్యాక తెలిసింది, ఆమె తిట్టేది పెద్దవాళ్లనే. పిల్ల ఎంత పాడు చేసినా, ఎంత చించినా ఏమీ అనేది కాదు. బొమ్మ గీత దాటి రంగు పోయిందని ఎవరైనా బిక్కమొహం వేస్తే "దాటితే ఏమైతది బిడ్డా, పోలీసొస్తడా?" అనేది.

మా సంఘం ప్రెసిడెంటుకు అమీన్‌పూర్ వైపు ప్లాట్ల బేరం. కాలనీ మొదట్లో పెద్ద ఇల్లు, ఈ మధ్యే తెల్ల రంగు వేయించిన పొడుగాటి ప్రహరీ గోడ. ఒకసారి ఆయన డబ్బాల కొద్దీ కొత్త క్రేయాన్లు తెచ్చి, ఫోటో తీసేవాణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లలను వరుసగా నిలబెడుతుండగా వెనక టప్ టప్ మని చప్పుడు. చూస్తే టీచరమ్మ కింద కూర్చుని కొత్త క్రేయాన్లను ఒక్కొక్కటీ తీసి ముక్కలుగా విరుస్తోంది.

"అయ్యో, గదేంది టీచరమ్మా. కొత్తయి గదా అవి."

"పొడుగుంటే పిడికిలితోని పట్టుకుంటరు సారూ, రోకలి పట్టినట్టు. గింతంత ఉంటె పిడికిలిల పట్టదు. మూడు వేళ్లతోనే పట్టాలె, ఇంకో తొవ్వ లేదు."

"ఫోటో దిగేదాకన్న ఆగకపోతివి."

"నువ్వు దిగు ఫోటో. నా పని నేను చేస్కుంట."

ఆ ముక్కలన్నీ పాత బిస్కెట్ల రేకు డబ్బాలో పోసింది. ఆ డబ్బా మూత కాస్త బిగుతు. పిల్లలే తీయాలి, ఆమె తీసి ఇవ్వదు. మూత తీయడం కూడా పాఠమే. వేసిన బొమ్మను గది అడ్డంగా కట్టిన తాడు మీద, బట్టలకు పెట్టే క్లిప్పుతో పిల్లే తగిలించాలి. క్లిప్పు నొక్కలేకపోతే బొమ్మ నేల మీదే ఉంటుంది. మర్నాడు మళ్లీ ప్రయత్నం. తాడు పిల్లల తల ఎత్తులోనే ఉండేది, గదిలోకి పోయిన పెద్దవాళ్లందరూ వంగాల్సిందే. ప్రెసిడెంటు కూడా వంగాడు. ఆయన మరచిపోలేదనుకుంటాను.

బిహార్ నుంచి వచ్చి ఇక్కడ ఫర్నేస్ మీద పనిచేసే ఒకతను తన కొడుకును తీసుకొచ్చి, ఎప్పుడూ రంగులేనా, అక్షరాలు ఎప్పుడు నేర్పుతారని దబాయించాడు. "మేడం, ఖాలీ కలర్ కలర్. ఏబీసీడీ కబ్ సిఖాయేంగే?" టీచరమ్మ ఆ పిల్లాడి టిఫిన్ డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు మూత మీద గోళ్లతో గీకాడు, పళ్లతో కొరికాడు. రాలేదు. తండ్రి చెయ్యి చాపబోతే ఆమె ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "ఉంగలీ మే తాఖత్ నై. క్యా లిఖేగా? పహలే ఖానా ఖోల్నే దే బేటేకు." వేళ్లలో బలం లేనివాడు ఏం రాస్తాడు, ముందు తన తిండి డబ్బా తనను తీసుకోనీ అన్న ఆ మాటకు అతను తల గోక్కుంటూ పోయాడు. కొన్ని నెలల తర్వాత అదే మనిషి టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పుకుంటున్నాడు, మావాడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడని.

నేను స్విచ్చులు బిగించే లైనులో పనిచేస్తాను. బియ్యపు గింజంత స్ప్రింగును మూడు వేళ్లతో పట్టి గాడిలో కూర్చోబెట్టాలి. చేరిన కొత్తలో సూపర్‌వైజర్ నా చెయ్యి చూసి ఎక్కడ నేర్చుకున్నావురా అన్నాడు. ఆ సంగతి సంతోషంగా పోయి టీచరమ్మకు చెప్పాను. ఆమె చాయ్ సాసర్ కింద పెట్టింది. "స్ప్రింగులు పెట్టనీకెనారా నేను నీ వేళ్లు తయారు జేసింది?" అంది. మళ్లీ తనే, "పోనీ తియ్. పెన్ను గూడ గా వేళ్లతోనే పడ్తరు. అదన్న పట్టు" అంది. పదో తరగతి తప్పి చదువు వదిలేసినవాణ్ణి. ఎవరూ చెప్పకుండా చదవడం రాయడం మళ్లీ మొదలుపెట్టింది ఆ మాట తర్వాతే.

ఇప్పుడు లక్కీ సంగతి. నెలలు నిండకుండా పుట్టింది. వేళ్లు నానిన అటుకుల్లా ఉండేవి. నాలుగేళ్లు వచ్చినా చెంచా నిలిచేది కాదు. టీచరమ్మ దానికి ముందు రంగులే ఇవ్వలేదు. జొన్నపిండి ముద్ద ఇచ్చి గిల్లమంది. పాత పేపర్లు ఇచ్చి చింపమంది. తర్వాత చిన్న ముక్క చేతిలో పెట్టి గోడ ముందు నిలబెట్టింది. అక్క ఒకసారి జాలిపడి దాని చెయ్యి పట్టుకుని బొమ్మ వేయించబోయింది. టీచరమ్మ గది అవతలి నుంచే అరిచింది. "పిల్ల చెయ్యి పట్టుకోని గీసినవనుకో, అది నీ బొమ్మ. కింద నీ పేరు రాస్కో, నా దగ్గరికి రేపటి సంది నువ్వే రా." అక్క చెయ్యి వదిలేసింది.

టీచరమ్మ పోవడానికి కొన్నాళ్ల ముందు లక్కీ ఒక వంకాయకు రంగు వేసింది. ఆకుపచ్చ రంగు. సగం బొమ్మలో, సగం బయట. వేసి, క్లిప్పు తీసుకుని, నాలుక బయటపెట్టి, రెండు చేతులతో నొక్కి, కాదని ఒక చేత్తో నొక్కి, తాడుకు తగిలించింది. నేను అక్కడే ఉన్నాను. క్లిప్పు నిలిచింది. టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. వంకాయ వైపు చూసి "ఇయ్యాల కాయ. రేపు పండుతది" అని మాత్రం అంది. లక్కీ ఇంటికి వచ్చి ఇంట్లో ఉన్న బట్టల క్లిప్పులన్నీ తన గౌనుకు పెట్టుకుని తిరిగింది.

ఇక పోటీ. ఆదివారం షామియానా, మైకు, భోజనాలు. పెద్ద ఫ్లెక్సీ. దాని మీద టీచరమ్మ ఫోటో, ప్రెసిడెంటు క్రేయాన్లు ఇచ్చిన రోజు తీసిందే. ఆ రోజు ఆమె చేతిలో విరిచిన ముక్క ఉంది కదా, అందుకని చేతులు కత్తిరించేసి మొహం మాత్రమే పెట్టారు. పిల్లలందరికీ అచ్చువేసిన చిలుక బొమ్మ ఇచ్చారు, బల్లల ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు, చేతుల్లో పొడుగాటి కొత్త క్రేయాన్లు పెట్టారు. ఆమె ఏవేవి వద్దందో అవన్నీ వెతికి మరీ తెచ్చినట్టుంది. ప్రెసిడెంటు మైకులో చెప్పాడు. "మన టీచరమ్మ పిల్లలకు డిసిప్లిన్ నేర్పింది. ఎవ్వరు గీత దాటొద్దు. నీట్‌గ ఉన్నోళ్లకే ప్రైజు."

అంతే. తల్లులు కుర్చీల వెనక నుంచి రంగంలోకి దిగిపోయారు. "ఇటియ్యి, గట్ల గాదు" అని క్రేయాన్ లాక్కోవడమే. ఒక పిల్లాడు తల్లి రంగులు వేస్తుంటే బల్ల కింద చీమలను చూసుకుంటూ కూర్చున్నాడు. వాళ్లమ్మ చిలుక ముక్కు దగ్గర షేడింగ్ కూడా ఇచ్చింది. తల్లులు షిఫ్టుకు పోయిన పిల్లలు మాత్రం తమది తాము వేసుకున్నారు. మా అక్క ఆ ఆదివారం డ్యూటీలోనే ఉంది. నేను లక్కీ పక్కన నిలబడ్డాను, చెయ్యి పెట్టలేదు. లక్కీ పొడుగు క్రేయాన్‌ను విరవడానికి చూసింది, రాలేదు. చివరికి పిడికిలితో పట్టుకుని చిలుకను ఎరుపు చేసింది, చిలుక చుట్టూ ఉన్న ఆకాశాన్నీ ఎరుపు చేసింది.

ప్రెసిడెంటు బల్లల మధ్య తిరుగుతూ లక్కీ కాగితం ఎత్తి పట్టుకున్నాడు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"గిదేంది బిడ్డా, గిట్ల గలీజ్ జేసినవ్. మీ మమ్మీ రాలేదా?"

కొందరు నవ్వారు. లక్కీ చెయ్యి వెనక్కి దాచుకుంది.

"పోటీ మమ్మీలకా, పిల్లలకా?" అన్నాను.

"అరే, గిప్పుడు లొల్లి ఎందుకురా. పెద్దామె ఆత్మ శాంతించాలె గద."

"గట్లయితే ఫస్ట్ ప్రైజు పిల్లగాని పేరు మీద గాదు, గా షేడింగిచ్చిన అక్క పేరు మీద ఇయ్యుండ్రి. టీచరమ్మ ఉంటె గదే అంటుండె."

అందరికన్నా ముందు చిలుకకు షేడింగ్ ఇచ్చిన ఆ తల్లే నవ్వింది. "నిజమే గద, నేనే ఏసిన" అంది. చివరికి కొడుకు పేరు మీద వచ్చిన ఫస్ట్ ప్రైజు స్టీలు డబ్బా సెట్టు తీసుకుని ఇంటికి పోయింది. సిగ్గుపడ్డవాళ్లు ఒక్కరూ లేరు. మనవాళ్లకు ప్రైజు వస్తే చాలు, చెయ్యి ఎవరిదైతే ఏం.

భోజనాలు అయ్యాక గది శుభ్రం చేశారు. టీవీ పెడతారట, పిల్లలు చూసి నేర్చుకుంటారట. ఆ టీవీ బిగించేది కాగితాలు అంటించే గోడకే. తాడు పీకారు. దాని మీద ఉన్న బొమ్మలన్నీ విస్తరాకుల మీద పడి, పప్పులో నాని, చెత్తబండి ఎక్కాయి. పచ్చ వంకాయ కోసం వెతికాను. దొరకలేదు. రేకు డబ్బా దొరికింది. మూత బిగుతుగా ఉంది కనుక లోపలి ముక్కలకు ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి లక్కీ రంగు ముట్టదు. ముక్క చేతిలో పెడితే తీసుకుపోయి వాళ్లమ్మకు ఇస్తోంది. "నువ్వెయ్యి మమ్మీ. నాది గలీజుంటది." చెంచా కూడా మళ్లీ పిడికిలితో పడుతోంది. ఎన్నో నెలలు ఆ ముసలామె ఒక్కొక్క వేలినీ పిలిచి లేపినట్టు లేపింది. సంఘం పెద్దలారా, మీరు ఒక్క మాటతో, అది కూడా మైకులో, మళ్లీ పండబెట్టారు. ఆమెకు దండ వేసిన చేతులు ఇవే. ఇంకా ఆమె ఆత్మ శాంతి గురించి నాకు చెబుతారు.

నాకు సంచికలు అక్కర్లేదు. గది తాళం తీయండి. టీవీ మీ ఇంట్లో పెట్టుకోండి, ఆ గోడ జోలికి రావద్దు. తాడు మళ్లీ కట్టండి, మీరు వంగాల్సినంత కిందికి కట్టండి. మైకులో అన్న మాటను ప్రెసిడెంటు లక్కీ ముందుకు వచ్చి వెనక్కి తీసుకోవాలి, మైకు లేకుండా. వచ్చే ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. టీ కొట్టు దగ్గరే ఉంటాను, జవాబు అక్కడికి పంపండి.

రాకపోతే సోమవారం నాకు సెకండ్ షిఫ్టు, పొద్దున ఖాళీ. రేకు డబ్బా నా దగ్గరే ఉంది. మూత లక్కీ చేతనే తీయిస్తాను, ఎంతసేపు పట్టినా సరే. తల్లులు షిఫ్టుకు పోయిన పిల్లలందరినీ తీసుకుని కాలనీ మొదటికి వస్తాను. అక్కడ కొత్తగా తెల్ల రంగు వేసిన పొడుగాటి గోడ ఉంది. దాని మీద ఏ గీతలూ లేవు. పిల్లలు చేతులు పైకెత్తి, మునివేళ్ల మీద లేచి నిలబడితే సరిగ్గా అందుతుంది.