రస్సెల్ సారు ఓటు

గల్ఫులో, బుదైయా అనే ఊళ్లోని ఓ విల్లాలో రస్సెల్ సారు రోజూ పొద్దున్న ఉడికించిన గుడ్డు కిటికీ దగ్గర నిలబడే తినేవాడు. పెంకు ఒక్క ముక్క కూడా కింద పడనిచ్చేవాడు కాదు. కాఫీ కప్పు తనే కడిగి బోర్లించేవాడు. అది చూసి, ఇక తన అవసరం లేదంటాడేమోనని వంటమనిషి నరసాయమ్మ మొదట్లో భయపడింది. సారు ఇక్కడి ఓ కంపెనీకి లాయరు. అమెరికాలో ఆయన రాష్ట్రపు పెద్దకోర్టుకి జడ్జీలని జనమే ఎన్నుకుంటారట. ఓ చిన్న పార్టీ, నిలబెట్టడానికి మనిషి దొరక్క, ఈయన్ని అడిగింది. సారు సరేనన్నాడు. ఆయన దేనికైనా అదే ముఖంతో సరేనంటాడు.

"జెండా లేదు, మైకు లేదు, గుర్తు కూడా లేదంట. ఇదేం ఎలక్షన్రా?" అని నరసాయమ్మ డ్రైవరు సూరిబాబుతో అంటూ ఉండేది.

ఫలితాలొచ్చిన పొద్దున్న ఫోను మోగింది. సారు రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసి, సగంలో వదిలిన గుడ్డు మళ్లీ ఒలుచుకున్నాడు.

"ఓడిపోయారంట పిన్నీ," అన్నాడు సూరిబాబు.

"అయ్యో! పోస్టులో పంపిన ఆయన ఓటైనా ఆయనకి పడిందో లేదో అడగరా."

సూరిబాబు మొహమాటపడుతూనే ఇంగ్లీషులో అడిగాడు. కప్పు కడుగుతున్న సారు తల తిప్పకుండానే జవాబు చెప్పాడు.

"ఎదుటాయనకే వేశారంట పిన్నీ. జడ్జీగా ఆయనే మంచోడంట."

నరసాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఓరి నాయనో! ఇలాంటాయనకి కదరా ఓటు ముద్ర గుద్దాలి!"

ఆ మాట అర్థంకాని సారు కప్పు బోర్లించి, టై సర్దుకుని, డ్యూటీకి బయల్దేరాడు.