తొంభై రోజులు నేనే టవర్‌ని

ఆ రోజుల్లో మనిషికి సిగ్గుకన్నా టార్గెట్ ముఖ్యమని మాకు నేర్పేవారు. నంబర్ మారకుండా ఫోన్ కంపెనీని మార్చుకోవచ్చన్న సంగతి అప్పుడప్పుడే ఊళ్లకు చేరుతోంది. డిగ్రీ తప్పి (ఒక్క సబ్జెక్టే, అదీ రెండుసార్లే) ఇంట్లో కూర్చున్న నాకు దమ్మపేటలో రోడ్డు పక్కన కంపెనీ గొడుగు కింద సిమ్ కార్డులు అమ్మే ఉద్యోగం దొరికింది. మా పై అధికారికి మేం పెట్టుకున్న పేరు గొడుగు సార్. ఎండలో మేముంటే గొడుగు నీడలో ఆయనుండేవాడు. మొదటి నెలాఖరున ఆయన, ఇంకా పదకొండు ఇళ్లను వేరే కంపెనీ నుంచి మనవైపు లాగకపోతే నన్ను తీసేస్తానన్నాడు. "మా ఊర్ల మన సిగ్నల్ రాదు గదా సార్" అన్నాను. "వచ్చే నెల టవర్ పడుతది. నా మాటగ చెప్పు" అన్నాడు. నమ్మాను. నమ్మకపోతే ఉద్యోగం ఉండదు కదా మరి.

మాది అడవి అంచున చిన్న ఊరు. పాత కంపెనీ సిగ్నల్ ఉన్నంతలో బాగానే వచ్చేది. అయినా మా పెద్దమ్మ, "మన పిల్ల నౌకరి నిలబడాలె. టవర్ ఇయ్యాల కాకుంటే రేపొస్తది" అని అందరికంటే ముందు తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆమెను చూసి ఊళ్లో ఫోన్ ఉన్న మిగతా పది ఇళ్లవాళ్లూ ఇచ్చారు. వారం తిరిగేసరికి పదకొండు ఫోన్లూ మా కంపెనీకి మారాయి, మారి మూగబోయాయి. టవర్ జాడ లేదు. వెనక్కి మారదామంటే, ఒకసారి మారినవాళ్లు తొంభై రోజులు అక్కడే ఉండాలని రూలు. (శిక్షణలో ఆ రూలు చెప్పే వేళకు నేను సమోసాల దగ్గరున్నాను.)

అప్పుడు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. టవర్ రాకపోతే నేనే టవర్నవుతానన్నాను. పదకొండు ఫోన్ల వెనకా ప్లాస్టర్ ముక్కలు అంటించి పేర్లు రాసి, కూరగాయల సంచిలో వేసుకుని రోజూ దమ్మపేట మోసుకెళ్లాను. పగలంతా వచ్చిన కబుర్లు నోటుబుక్కులో రాసుకుని సాయంత్రం ఇంటింటికీ చెప్పేదాన్ని. పెద్దమ్మకూ ఆమె వియ్యపురాలికీ జరుగుతున్న తగువు కూడా నా నోటి మీదుగానే నడిచింది. "నేనన్నది అన్నట్టే అనాలె, మెత్తగ జెయ్యకు" అని పెద్దమ్మ షరతు. మెత్తగా చేశాను. నెల తిరక్కుండా వాళ్లిద్దరూ ఒకటైపోయి, మాటలు మార్చినందుకు నన్ను చెరో పక్కనుంచీ తిట్టారు.

ఎండలు ముదిరేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. మా వైపు బీడీలు చుట్టే తునికాకు ఏటా కొద్ది రోజులే కోస్తారు. పిల్లల బడి ఖర్చులు, బట్టలు అన్నీ ఆ ఆకు మీదే. ఆకు కొనే కల్లేదారు, కట్టలు తీసుకునే కల్లం తెరిచే రోజును పెద్దమ్మ ఫోన్‌కే చెబుతాడు. ఆ కబురు అందకపోతే మంచి ఆకంతా పక్క ఊళ్లవాళ్లు కోసుకుపోతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సత్తుపల్లిలో మాకు మీటింగ్ పెట్టారు. అడవిలో సైతం మన సిగ్నల్‌కు తిరుగులేదని గొడుగు సార్ చెబుతుండగా నా సంచి మోగింది.

"కట్ చెయ్" అన్నాడు.

పెద్దమ్మ ఫోన్, కల్లేదారు పేరు. ఎత్తాను. "రేపు పొద్దుగాల్ల కల్లం తెరుస్తున్న, అందర్ని రమ్మను" అన్నాడాయన. సంచి భుజాన వేసుకుని లేచాను.

"ఏంది, ఎక్కడికి?" అన్నాడు సార్.

"మా ఊరికి సార్. ఫోన్ల చెప్పే దారి మీరుంచలే, నేనే పోయి చెప్పాలె."

"పోతే రేపటి నుంచి రానక్కర్లే."

అంతమంది ముందూ ఆగలేదు. "రాను సార్. టవర్ పడుతదని నాతోని అబద్ధం చెప్పించిండ్రు. మా వాళ్లు నన్ను జూసి మారిండ్రు, మీ కంపెనీని జూసి కాదు" అన్నాను. బయటికొచ్చి బస్టాండులో ఏడ్చాను, అదీ చెప్పాలి. ఆ సాయంత్రమే గడపగడపకీ తిరిగి కబురు చెప్పాను. తెల్లారేసరికి మా ఊరు ఊరంతా అడవిలో ఉంది.

ఉద్యోగం పోయినా సంచి మోయడం మానలేదు. తొంభై రోజులు నిండాక పెద్దమ్మా నేనూ సంచితో దమ్మపేట వెళ్లాం. పాత కంపెనీకి మారతామని మెసేజ్ పంపబోతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. ఊర్ల అందరం మాట్లాడుకున్నం. మేం ఈ కంపెనీలనే ఉంటే నీ నౌకరి మళ్ల ఇస్తరా? ఇస్తమంటే గిట్లనే ఉంటం. మాకేం, అలవాటైంది."

ఆమె చేతిని మెల్లగా విడిపించాను. కళ్లు తుడుచుకుని, ఒకదాని తర్వాత ఒకటి పదకొండు మెసేజ్‌లూ పంపాను.

ఇప్పుడు ఖమ్మంలో ఏసీ ఆఫీసులో ఉన్నాను. మీటింగుల్లో పైవాళ్లు కాని పనిని అవుతుందంటే "ఓకే సార్" అని బుద్ధిగా రాసుకుంటాను. ఉద్యోగం పదిలంగా ఉంది. ఒక్కోసారి అలా తలూపుతూనే ఆ ఇరవయ్యేళ్ల పిల్లను తలుచుకుంటాను. ఎంత పొగరు దానికి! నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.