జంపఖానా సీటు

బండి సీటు చిరిగితే మొగుడు రెగ్జిన్ తెస్తాడనుకుంది అనసూర్య. కానీ జంపఖానాలు నేసే వెంకటరాజం బజారు సరుకు ముట్టడు. తన మగ్గం మీది ముక్కనే తెచ్చి, ఆదివారమంతా వాకిట్లో కూర్చొని దబ్బనంతో సీటుకు కుట్టాడు.

“వాన పడితే నీళ్లు పీలుస్తది గదయ్యా!” అని ఆమె మొత్తుకుంది.

“నా నేతలకెల్లి సుక్క దిగదే!”

తెల్లారి చెల్లెలి గృహప్రవేశానికి నెక్కొండ పోవాలి. పట్టుచీర కట్టుకొని బయటికొచ్చిన అనసూర్య, రాత్రి వానకు నానిన సీటును అదిమి చూసింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

“సుక్క దిగదంటివి?”

వెంకటరాజం అంచు కాస్త ఎత్తి లోపలి స్పాంజి చూపించాడు. “చూడు, పొడిగనే ఉన్నది. నీళ్లన్నీ పైన్నే ఆగినయ్.”

“నేను కూసునేది లోపలనా, పైననా?”

కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, రైలుకే పోదామని ఆమె స్టేషనుకు ఆటో కోసం రోడ్డెక్కింది.